మా చిన్న విమానానికి ఇంజన్ కుదిరిన తీరు

విశాఖ దగ్గర పెందుర్తి దాటాక మా మామగారి మామిడితోటలో మేము వేసుకున్న షెడ్డులోకి ఎవరు వచ్చినా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంజన్ ఎన్ని హార్స్ పవర్?" నాలుగేళ్లుగా నేనూ మా బావమరిదీ కలిసి కట్టుకుంటున్న రెండు సీట్ల విమానానికి ఇంజన్ ఎంచుకోవడానికి మాకు 14 నెలలు పట్టింది, దానిని బిగించడానికి మరో 8 నెలలు పట్టింది. ఇంత కాలంలో హార్స్ పవర్ గురించిన మాట చాలావరకు మొదటి వారంలోనే ముగిసిపోయింది. మిగిలిన నెలలన్నీ బరువు గురించి, ప్రొపెల్లర్ గురించి, మన బంకుల్లో దొరికే పెట్రోలు గురించి, సముద్రం మీది నుంచి వచ్చే ఉప్పుగాలి గురించి ఆలోచించడానికే సరిపోయాయి. ఏ ఊళ్లో ఉంచి, ఏ ఇంధనం పోసి, ఎవరి చేత బాగు చేయించుకుంటామో తేల్చుకోకుండా ఇంజన్ కొనకూడదని ఈ పని మాకు నేర్పింది. ఇలాంటి పనికి పూనుకునే మరొకరికి ఉపయోగపడుతుందని మా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

మేము కట్టుకుంటున్నది జెనిత్ సీహెచ్ 701 అనే నమూనా. క్రిస్ హైంట్జ్ అనే ఇంజనీరు 1980లలో రూపొందించిన ఈ విమానం పూర్తిగా అల్యూమినియం రేకుతో, రివెట్లతో తయారవుతుంది. చాలా తక్కువ దూరం పరుగెత్తి గాలిలోకి లేవడం దీని ప్రత్యేకత. ప్రయాణికులతో, ఇంధనంతో కలిపి గరిష్ఠ బరువు 500 కిలోలు దాటకూడదు. నేను ఇరవై ఆరేళ్లుగా ఓడల మరమ్మతు పనిలో ఇంజన్ల వైపు పనిచేస్తున్నాను. మా బావమరిదికి రేకు పనిలో మంచి చెయ్యి ఉంది. ఇక విశాఖ విమానాశ్రయపు రన్‌వే నావికాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా వారిది కనుక, ఇలాంటి విమానాన్ని అక్కడ పరీక్షించాలనే ఆలోచన మేము ఎన్నడూ పెట్టుకోలేదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి వచ్చాకే, అందుకు తగిన వేరే చోట ఎగరాలన్నది మొదటి నుంచీ మా నిర్ణయం. ముంబైలో తన ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన అమోల్ యాదవ్ గారికి 2017లో రిజిస్ట్రేషన్, 2019లో ఎగిరే అనుమతి వచ్చాయన్న సంగతి మాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

మొదట బరువు సంగతి చెబుతాను. మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన నావికాదళంలో విమానాల టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. మేము ఆయనను గురువుగారనే పిలుస్తాము. ఆయన మనసు కాంటినెంటల్ ఓ-200 ఇంజన్ మీద ఉండేది. సెస్నా 150 విమానాల్లో దశాబ్దాల తరబడి పనిచేసిన ఇంజన్ అది. 100 హార్స్ పవర్ ఇస్తుంది, గాలితోనే చల్లబడుతుంది, గేర్‌బాక్స్ లేదు, బ్యాటరీతో పనిలేకుండా నిప్పురవ్వ పుట్టించే రెండు మాగ్నెటోలు ఉంటాయి కనుక బ్యాటరీ చచ్చిపోయినా తిరుగుతూనే ఉంటుంది. "బాబూ, పైన ఉన్నప్పుడు మనకు కావలసింది కొత్తదనం కాదు, నమ్మకం" అని ఆయన అన్న మాటలో కాదనడానికి ఏమీ లేదు. అయితే స్టార్టరు వంటి ఉపకరణాలు కలపకముందే దాని బరువు 77 కిలోలు. మేము పరిశీలించిన ఆస్ట్రియా ఇంజన్ రోటాక్స్ 912 యూఎల్ సుమారు 60 కిలోలు. రేడియేటరు, కూలెంటు, ఆయిలు ట్యాంకు, సైలెన్సరు, మౌంటు అన్నీ కలిపి రెండింటికీ విడివిడిగా లెక్కవేస్తే తేడా 25 కిలోల దాకా తేలింది.

ఆ 25 కిలోలు విమానంలో ఎక్కడ కూర్చుంటాయన్నదే అసలు ప్రశ్న. విమానం సమతూకంగా నిలిచే బిందువైన గరిమనాభికి ఇంజన్ 90 సెంటీమీటర్ల ముందు ఉందనుకుంటే, అదనపు బరువు 22.5 కిలోగ్రామ్-మీటర్ల భ్రామకంతో (తిప్పే బలంతో) ముక్కును కిందికి లాగుతుంది. దానిని సరిచేయాలంటే మూడున్నర మీటర్ల వెనక ఉన్న తోక దగ్గర సుమారు ఆరున్నర కిలోల సీసం కట్టాలి. అంటే పెరిగిన బరువు 25 కాదు, 31 కిలోల పైమాట. ఈ నమూనా ఖాళీ బరువు సుమారు 263 కిలోలు. ఇద్దరు మనుషులకు 150 కిలోలు, నిండు ట్యాంకులకు 55 కిలోలు తీసేస్తే మాకు మిగిలేది 32 కిలోలు. బరువైన ఇంజన్ పెడితే ఆ మిగులంతా ఇంజనూ, తోకలోని సీసమే మింగేస్తాయి. ఈ లెక్క కాగితం మీద చూపించాక గురువుగారు చాలాసేపు మౌనంగా ఉండి, "మీ విమానం చిన్నది, మీరు చెప్పిందే సబబు" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన మాకు మరింత దగ్గరయ్యారు.

కారు ఇంజన్ గురించి రాయకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రీలలో ముగ్గురు, "సార్, జిప్సీ ఇంజన్ ఉండగా ఆస్ట్రియా నుంచి తెప్పించుకోవడం ఎందుకు?" అని నిజంగా ఆశ్చర్యపోయారు. వారి ప్రశ్న న్యాయమైనదే. మారుతీ జిప్సీలోని 1.3 లీటర్ల సుజుకీ ఇంజన్ కాగితం మీద 80 హార్స్ పవర్ ఇస్తుంది, విడిభాగాలు పిలిస్తే పలుకుతాయి, అదే కుటుంబానికి చెందిన ఇంజన్లను విదేశాల్లో చాలామంది తేలికపాటి విమానాలకు అమర్చుకున్నారు కూడా. కానీ కారు ఇంజన్ రోడ్డు మీద తన జీవితంలో ఎక్కువ భాగం పూర్తి శక్తిలో నాలుగో వంతుతోనో, అంతకంటే తక్కువతోనో గడుపుతుంది. విమానం ఇంజన్ లేచేటప్పుడు పూర్తి శక్తితో, ఆ తరువాత గంటల తరబడి నాలుగింట మూడు వంతుల శక్తితో తిరగాలి. పైగా ఆ ఇంజన్‌కు ప్రతి సిలిండరులోనూ ఒక్కటే స్పార్క్ ప్లగ్గు ఉంటుంది, ఇగ్నిషన్ వ్యవస్థ కూడా ఒక్కటే.

వీటన్నిటి కంటే నన్ను వెనక్కి లాగింది నా ఉద్యోగంలో చూసిన ఒక విషయం. పెద్ద ఓడల ఇంజన్ గదిలో ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మీటరు మీద కొంత భాగానికి ఎర్రరంగు వేసి ఉంటుంది. ఆ వేగాల మధ్య ఇంజన్‌ను నిలిపి ఉంచకూడదు, త్వరగా దాటించేయాలి. ఎందుకంటే ఆ వేగం దగ్గర పిస్టన్లు కొట్టే దెబ్బల లయ, షాఫ్టు సహజంగా మెలితిరిగే లయ ఒకటైపోతాయి. అలా ఒకటైనప్పుడు అరచెయ్యి అంత మందం ఉన్న ఉక్కు షాఫ్టు కూడా బీటలు తీస్తుంది. కారు ఇంజన్‌కు మనం సొంతంగా బెల్టుతోనో, గేర్లతోనో వేగం తగ్గించే అమరిక చేసి, చివర బరువైన ప్రొపెల్లర్ తగిలిస్తే, దాని ఎర్రగీత ఎక్కడ ఉందో చెప్పేవారు ఉండరు. కొలిచే పరికరాలు మా దగ్గర లేవు. 1902-03లో రైట్ సోదరులు కార్ల కంపెనీలకు ఉత్తరాలు రాసినా తగిన ఇంజన్ దొరకక, తమ దగ్గర పనిచేసే చార్లీ టేలర్ చేత ఆరు వారాల్లో సుమారు 12 హార్స్ పవర్ ఇంజన్ తయారు చేయించుకున్నారు. ఆ సాహసం వారికి తప్పనిసరి అయింది. నూట ఇరవై ఏళ్ల తరువాత మాకు ఆ అవసరం లేదని నిర్ణయించుకున్నాము.

గేర్ల మాట వచ్చింది కనుక ప్రొపెల్లర్ గురించి చెప్పాలి. మన పోర్టులో డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు కాలువలోంచి పెద్ద ఓడలను లాక్కొచ్చే టగ్గులను చూసినవారికి ఈ విషయం తేలికగా అర్థమవుతుంది. టగ్గు ప్రొపెల్లర్ పెద్దది, నెమ్మదిగా తిరుగుతుంది, ఒక్కసారిగా ఎంతో నీటిని వెనక్కి తోస్తుంది. స్పీడు బోటుది చిన్నది, జోరుగా తిరుగుతుంది. మెల్లగా కదులుతూ గట్టిగా లాగవలసిన చోట పెద్ద ప్రొపెల్లరే పనికొస్తుంది. మా విమానం గాలిలో టగ్గు లాంటిది, తక్కువ వేగంలోనే నేలను వదిలిపెట్టాలి. రోటాక్స్ 912 యూఎల్ ఇంజన్ 5,800 ఆర్పీఎం దగ్గర 80 హార్స్ పవర్ ఇస్తుంది. అదే వేగంతో 1.73 మీటర్ల ప్రొపెల్లర్‌ను తిప్పితే దాని కొనలు సెకనుకు 525 మీటర్లు, అంటే ధ్వని కంటే ఎంతో వేగంగా పోయి, శక్తినంతా చప్పుడుగా ఖర్చు చేస్తాయి. అందుకే ముందున్న గేర్‌బాక్స్ 2.27 నిష్పత్తిలో వేగాన్ని తగ్గిస్తుంది. ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 2,555 చుట్లు తిరుగుతుంది, కొనల వేగం సెకనుకు 231 మీటర్ల దగ్గర ఆగుతుంది. బీచ్ రోడ్డు మ్యూజియంలో ఉన్న టీయూ-142 విమానం దగ్గరకు వెళ్లినప్పుడల్లా నేను రెక్కల కింద నిలబడి ఆ ప్రొపెల్లర్లనే చూస్తుంటాను. లోపలి టర్బైను నిమిషానికి 8,000 పైచిలుకు చుట్లు తిరిగితే, 5.6 మీటర్ల ప్రొపెల్లర్లు 750 చుట్ల దగ్గరే తిరిగేవి. అంత పెద్ద యంత్రానికీ మా చిన్న యంత్రానికీ సూత్రం ఒక్కటే.

ఆస్ట్రేలియా జబీరూ 2200 ఇంజన్‌ను వదులుకోవడానికి కూడా కారణం ఇదే. గేర్లు లేకుండా 3,300 ఆర్పీఎం దగ్గర 85 హార్స్ పవర్ ఇచ్చే చక్కని ఇంజన్ అయినా, దానికి చిన్న ప్రొపెల్లర్ పెట్టక తప్పదు. ఇంకాస్త వేగంగా పోయే విమానమైతే దానినే తీసుకునేవాళ్లమేమో. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్లు ఇక్కడ దొరకవు. రెండు స్ట్రోకుల రోటాక్స్ 582 ధర తక్కువ, బరువు తక్కువ, కానీ 300 గంటలకే పూర్తిగా విప్పి బాగు చేయించాలి. 912కు ఆ గడువు 2,000 గంటలు లేదా 15 ఏళ్లు. పైగా బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ (ఎన్ఏఎల్) రూపొందించిన హన్సా శిక్షణ విమానాల్లోనూ రోటాక్స్ 912, 914 కుటుంబపు ఇంజన్లే ఉండటం వల్ల, వాటి సంగతి తెలిసినవారు మన దేశంలో ఉన్నారన్న భరోసా కలిగింది.

912లోనే 100 హార్స్ పవర్ ఇచ్చే యూఎల్ఎస్ అనే రకం కూడా ఉంది. 20 హార్స్ పవర్ ఎక్కువ వస్తుంటే వదులుకోవడం దేనికని మా బావమరిది గట్టిగానే వాదించాడు. అప్పుడే పెట్రోలు పరీక్ష చేశాము. వంద మిల్లీలీటర్ల కొలజాడీలో 20 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, పైన 80 మిల్లీలీటర్ల బంకు పెట్రోలు పోసి, మూత బిగించి బాగా కుదిపి, పావుగంట కదపకుండా ఉంచాము. పెట్రోలులోని ఇథనాల్ నీటిలోకి దిగిపోతుంది కనుక అడుగునున్న నీటి మట్టం పెరుగుతుంది. 20 దగ్గర ఉండవలసిన గీత 36 దగ్గరకు వచ్చి నిలిచింది. 80లో 16 అంటే సరిగ్గా అయిదో వంతు. దేశమంతటా ఇప్పుడు అమ్ముతున్న ఇ20 పెట్రోలు ఇదే. "ఏటి బావా, ఇంత కలుస్తుందా?" అని అతడు ఆ జాడీని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

ఈ ఇంజన్‌కు తయారీదారు ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ వరకే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మన విశాఖలో తేమకు ఏ నెలలోనూ కొరత లేదు. తేమ ఒక హద్దు దాటాక, చల్లబడినప్పుడు నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజన్‌కు గొట్టం వెళ్లేది ఆ అడుగు నుంచే. కొన్ని రకాల రబ్బరును, ట్యాంకు అతుకులకు పూసే కొన్ని లేపనాలను కూడా అది ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఇక మిగిలింది విమానాల పెట్రోలు అయిన ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్. ఇండియన్ ఆయిల్ సంస్థ 2022 నుంచి దీనిని వడోదర రిఫైనరీలో స్వదేశంలోనే తయారు చేస్తున్నది. డ్రమ్ములలో తెప్పించుకోవడం, జాగ్రత్తగా నిల్వ చేయడం శ్రమతో కూడిన పనే. అందులోని సీసం స్పార్క్ ప్లగ్గుల మీద, గేర్‌బాక్స్‌లో పేరుకుంటుంది కనుక ఆయిలును రెట్టింపు తరచుగా మార్చాలి. అయినా ఇథనాల్ కంటే సీసాన్ని భరించడమే మేలని తేల్చుకున్నాము, ఎందుకంటే సీసం నెమ్మదిగా, కనబడేలా చెరుపు చేస్తుంది. ఆయిలు మార్చి, ప్లగ్గులు తుడిచి దానిని అదుపులో ఉంచవచ్చు. ఎప్పుడైనా దారిలో తక్కువ రకం పెట్రోలు పోయవలసి వస్తే 10.5 కంప్రెషన్ (సిలిండరులో గాలినీ ఇంధనాన్నీ అదిమే నిష్పత్తి) ఉన్న యూఎల్ఎస్ కంటే, 9 కంప్రెషన్ ఉండి 90 ఆక్టేన్‌తో సరిపెట్టుకునే యూఎల్ ఎక్కువ ఓర్చుకుంటుంది. అలా 80 హార్స్ పవర్ ఇంజన్ ఖాయమైంది. విమానానికి అప్పటిదాకా పెట్టిన ఖర్చంతా ఒక ఎత్తు, ఈ ఒక్క ఇంజన్ ఖర్చు ఒక ఎత్తు.

ఇంజన్ పెట్టె రాకముందే మౌంటు సిద్ధం చేయాలనుకున్నాము. ఇంజన్‌ను ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజన్‌కూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్యనున్న లోహపు గోడకు, పట్టి ఉంచే ఉక్కు గొట్టాల చట్రమే మౌంటు. దానికి వాడేది 4130 రకం క్రోమ్ మాలిబ్డినం గొట్టం, గోడ మందం మిల్లీమీటరు పైన కొద్దిగా ఉంటుంది. టిగ్ వెల్డింగ్‌లో ఆరితేరిన ఒకరి చేత నాలుగు రోజులు దగ్గరుండి చేయించాము. అతుకులు చూడటానికి ముత్యాల వరుసలా ఉన్నాయి. అయినా ఓడల పనిలో అలవాటు ప్రకారం రంగు పరీక్ష చేయందే నాకు మనసొప్పలేదు. అతుకు మీద ఎర్రటి ద్రావకం చల్లి, అరగంట ఆగి, పైన శుభ్రంగా తుడిచి, తెల్లటి పొడిలాంటి డెవలపర్ చల్లాలి. ఎక్కడైనా సన్నని పగులు ఉంటే లోపల దాగిన ఎరుపు ఆ తెలుపులోకి ఊరివస్తుంది. కింది ఎడమ మూలలో, మూడు గొట్టాలు కలిసే చోట, చూస్తుండగానే కనురెప్ప వెంట్రుకంత ఎర్రగీత తేలింది. పొడవు ఆరు మిల్లీమీటర్లు కూడా లేదు. ఆ మూలను కోసి, కొత్త గొట్టం ముక్క వేసి, మళ్లీ అతికించి, మళ్లీ పరీక్షించాము. ఆ కోసిన ముక్క ఇప్పటికీ నా బల్ల మీదనే ఉంది.

ఆ తరువాత గొట్టాల లోపలికి వేడి చేసిన అవిసె నూనె పోసి, అన్ని వైపులా తిప్పి, వంచేసి, రంధ్రాలు మూసివేశాము. లోపలి తుప్పును ఆపడానికి విమానాల వారు పూర్వం నుంచి పాటిస్తున్న పద్ధతి ఇది. పైన ఎపాక్సీ ప్రైమరు, దాని మీద తెల్లరంగు వేశాము. తెలుపు ఎందుకంటే, రేపు ఎక్కడ పగులు వచ్చినా తుప్పు చార ముందుగా తెలుపు మీదనే కనబడుతుంది. మా తోట సముద్రానికి దూరంగానే ఉన్నా, గాలి మళ్లినప్పుడు రేకు మీద ఉప్పు చెమ్మ చేతికి తెలుస్తూనే ఉంటుంది. 2014లో హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు కనుక, షెడ్డు నేలలో కాంక్రీటు పోసి విమానాన్ని కట్టివేసే ఇనుప రింగులు కూడా అప్పుడే పాతించాము.

ఇంజన్ మౌంటు మీదకు ఎక్కిన రోజు గొలుసు కప్పీతో రెండు గంటల పని. నాలుగు బోల్టులు రబ్బరు బుష్‌ల గుండా వెళ్లాలి. ఆ రబ్బరు వల్ల ఇంజన్‌కూ విమానపు శరీరానికీ మధ్య విద్యుత్ సంబంధం తెగిపోతుందన్న సంగతిని చాలామంది మరిచిపోతారు. ఇంజన్ నుంచి ఫైర్‌వాల్‌కు మందపాటి రాగి జడ పట్టీని విడిగా బిగించకపోతే, స్టార్టరు లాగే కరెంటంతా ఇంజన్ వేగాన్ని పెంచి తగ్గించే థ్రాటిల్ కేబుల్ గుండా వెనక్కి పోవడానికి దారి వెతుక్కుంటుంది, ఆ సన్నని తీగ కాలిపోతుంది. థ్రాటిల్ కేబుల్ గురించి మరో మాట చెప్పాలి. ఈ కార్బురేటర్లలో స్ప్రింగులు థ్రాటిల్‌ను తెరిచే వైపుకే లాగుతాయి. కేబుల్ తెగితే ఇంజన్ ఆగిపోదు, పూర్తి వేగం అందుకుంటుంది. ఎత్తు సంపాదించుకుని, దిగే చోటికి చేరాక ఇగ్నిషన్ కట్టేసి దిగవచ్చునన్నది అందులోని ఆలోచన. మోటారు సైకిలుకు ఇది ప్రమాదం, విమానానికి రక్ష.

లాక్ వైరు వేయడం గురువుగారే నేర్పారు. బోల్టు తలలోని రంధ్రం గుండా స్టీలు తీగను పోనిచ్చి, రెండు పోగులను సమంగా మెలివేస్తూ పక్క బోల్టుకు కట్టాలి. బోల్టు వదులయ్యే వైపు కదలబోతే తీగ దానిని బిగింపు వైపుకే లాగేలా ఉండాలి. మొదటి రోజు నేను వేసిన పదకొండింటిలో నాలుగింటిని ఆయన ఏమీ అనకుండా కత్తిరించి పక్కన పెట్టారు. వాటిలో రెండు తలకిందులుగా ఉన్నాయి, రెండింటి మెలిక మరీ బిగుతై తీగ నలిగింది. మళ్లీ వేశాను. టార్క్ రెంచితో బిగించిన ప్రతి బోల్టు మీదా అడ్డంగా ఎర్ర లక్క గీత గీశాము. గీత చెదిరితే బోల్టు కదిలిందని దూరం నుంచే తెలుస్తుంది. తేదీ, టార్కు, బిగించినవారి సంతకం, ఫొటో అన్నీ రిజిస్టరులో ఎక్కించాము. రేపు తనిఖీకి వచ్చే అధికారి చూసేది ఇంజన్‌తో పాటు ఆ రిజిస్టరును కూడా.

అన్నిటికంటే ఎక్కువ విషయం నేర్పింది ఇంధనం పారుదల పరీక్ష. ఈ ఇంజన్ పూర్తి శక్తి దగ్గర గంటకు 24 లీటర్లు తాగుతుంది. రెక్కల్లోని ట్యాంకుల నుంచి కేవలం పల్లానికి పారే ఇంధనం అందులో ఒకటిన్నర రెట్లు, అంటే గంటకు 36 లీటర్లు, నిమిషానికి 600 మిల్లీలీటర్లు ఉండాలన్నది ప్రమాణం. అదీ విమానం ముక్కు పైకెత్తి ఎక్కుతున్న భంగిమలో. ముందు చక్రం కింద దుంగలు పేర్చి ముక్కును 15 డిగ్రీలు ఎత్తి, తోటలో నీడన, ఎర్త్ తీగ కట్టి, నిప్పునార్పే సిలిండరు పక్కన పెట్టుకుని, పంపు దగ్గర గొట్టం విప్పి లీటరు జాడీలోకి వదిలాము. ఎడమ ట్యాంకు నుంచి లీటరు నిండడానికి 82 సెకన్లు పట్టింది, అంటే నిమిషానికి 730 మిల్లీలీటర్ల పైనే. కుడి ట్యాంకు నుంచి అదే లీటరుకు 118 సెకన్లు. నిమిషానికి 508 మాత్రమే. ధార మొదట బాగానే మొదలై, అర లీటరు దాటాక సన్నబడటం కళ్లారా చూశాము.

వడపోత విప్పి చూస్తే శుభ్రంగా ఉంది. గొట్టంలో ఎక్కడా మడత లేదు. ధార క్రమంగా సన్నబడుతున్నదంటే ట్యాంకులోకి గాలి పోవడం లేదేమోనని అప్పుడు తట్టింది. కుడి ట్యాంకు మూత సడలించగానే ధార ఒక్కసారిగా లావైంది. గాలి గొట్టం విప్పి బల్ల మీద తట్టితే ఎండిన మట్టి ముద్ద ఒకటి రాలింది, దానిలో ముడుచుకుపోయిన చిన్న సాలీళ్లు రెండు. కుమ్మరి పురుగు గూడు కట్టుకుంది. మా షెడ్డు దూలాలకు అది గూళ్లు కడుతుండగా ఎన్నోసార్లు చూసి కూడా, పెన్సిలంత సన్నని ఈ గొట్టం దానికి ఎంత అనువైన చోటో నాకు తోచలేదు. నేల మీద నిలిపి ఇంజన్ తిప్పి ఉంటే ఇది బయటపడేది కాదు, ఎందుకంటే తక్కువ శక్తికి ఆ ధార సరిపోయేది. గాలిలోకి లేచి, పూర్తి శక్తితో ఎక్కుతున్న రెండో మూడో నిమిషంలో తెలిసేది. ఇప్పుడు రెండు గొట్టాల నోళ్లకూ సన్నని స్టీలు జాలీ వేశాము, ఆగి ఉన్నంతసేపూ ఎర్ర పట్టీ ఉన్న తొడుగులు వేస్తున్నాము. కుడి ట్యాంకు మళ్లీ కొలిస్తే 83 సెకన్లు.

కొత్తగా బిగించిన ఇంజన్‌ను నేరుగా స్టార్టు చేయకూడదు. ఈ ఇంజన్‌లో ఆయిలు అడుగున కాక విడి ట్యాంకులో ఉంటుంది, గొట్టాల నిండా గాలి ఉంటుంది. పైవరుస ప్లగ్గులు తీసి, ఇగ్నిషన్ కట్టేసి, ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో నెమ్మదిగా తిప్పుతూ మీటరులో ఆయిలు ఒత్తిడి కనబడేదాకా ఓపిక పట్టాలి. వెనక్కి తిప్పితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. రోజూ ఆయిలు మట్టం చూసే ముందు కూడా ఇలాగే తిప్పాలి. కాసేపటికి ఆయిలు ట్యాంకు నుంచి గడగడమనే శబ్దం వస్తుంది, అంటే ఇంజన్ అడుగున చేరిన ఆయిలు ట్యాంకులోకి తిరిగి వచ్చేసిందన్నమాట. ఆ శబ్దం వినబడకముందు పుల్ల పెట్టి చూసిన మట్టానికి అర్థం లేదు.

మొదటి స్టార్టు ఒక ఆదివారం ఉదయం ఆరున్నరకు. తోక రింగుకు కట్టేసి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, ప్రొపెల్లర్ తిరిగే గీతకు ఇరువైపులా తాడు కట్టి, ఇంట్లోవాళ్లను మామిడి చెట్ల వెనక నిలబెట్టాము. మూడో చుట్టుకే అందుకుంది. ఆయిలు ఒత్తిడి ఐదారు సెకన్లలో వచ్చింది. రెండు నిమిషాలు 2,000 ఆర్పీఎం దగ్గర, ఆ తరువాత ఆయిలు వేడి 50 డిగ్రీలు చేరేదాకా 2,500 దగ్గర ఉంచాము. 4,000 దగ్గర ఒక్కొక్క ఇగ్నిషన్ కట్టేసి చూస్తే తగ్గుదల 300 ఆర్పీఎంకు లోపే ఉంది. రెండు కార్బురేటర్లు సమంగా పీలుస్తున్నాయో లేదో గేజీలతో సరిచూశాము. అవి సమం కాకపోతే వచ్చే అదురు నేరుగా గేర్‌బాక్స్‌ను తినేస్తుంది.

ఎండెక్కాక పదకొండింటికి మళ్లీ తిప్పినప్పుడు, గాలి వేడి 34 డిగ్రీలు ఉండగా ఆయిలు 121 డిగ్రీలకు పోయింది. నిర్ణీత హద్దు దాటలేదు గానీ, ఉండవలసిన 90 నుంచి 110 మధ్య లేదు. ఊలు దారపు ముక్కలను ఆయిలును చల్లబరిచే కూలరు చుట్టూ అతికించి చూస్తే, గాలి కూలరు గుండా పోకుండా, దానికీ తొడుగుకూ మధ్యనున్న వేలెడు సందులోంచి జారిపోతున్నదని అవే చూపించాయి. నీరూ గాలీ ఎప్పుడూ సులువైన దారినే పోతాయి. సిలికాన్ పట్టీతో ఆ సందు మూసేశాక అదే ఎండలో 108 దగ్గర నిలిచింది. అంతకంటే మరీ చల్లగా ఉండటం కూడా మాకు అక్కర్లేదు, ఎందుకంటే ఇంజన్ తిప్పిన ప్రతిసారీ ఆయిలు ఒక్కసారైనా 100 డిగ్రీలు దాటితేనే అందులో చేరిన తేమ ఆవిరైపోతుంది. కార్బురేటర్‌లో మంచు పట్టడం చలిదేశాల సమస్య అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. గాలి 25 డిగ్రీల వేడి ఉన్నా, మన తీరంలో ఉన్నంత తేమ ఉంటే, థ్రాటిల్ తగ్గించి దిగుతున్నప్పుడు కార్బురేటర్ గొంతులో మంచు పట్టగలదు. అందుకని వేడి గాలిని మళ్లించే తలుపు కూడా అమర్చాము.

మొత్తం మూడు గంటలు నేల మీదనే తిప్పాక, నిన్న సాయంత్రం ఆయిలు వంచేసి, ఫిల్టరును కోసి, మడతలన్నీ విప్పి, తెల్లటి గుడ్డ మీద పరిచి చూశాము. లోహపు పొట్టు ఏమీ లేదు. అయస్కాంతపు ప్లగ్గు కొన మీద మాత్రం కాటుకలా సన్నని బూడిదరంగు పూత ఉంది, అది కొత్త గేర్లు ఒకదానితో ఒకటి సర్దుకునేటప్పుడు రాలిపడే పొడే. గురువుగారు దానిని వేలితో తీసి, బొటనవేలికి రాసి, గరుకు తగలడం లేదని చెప్పి గుడ్డకు తుడిచారు. ప్లగ్గు బిగించి, లాక్ వైరు నేను వేశాను. ఆయన టార్చి వేసి చూసి, రిజిస్టరులో నా సంతకం కింద తనదీ పెట్టారు.